నైట్రో బగ్గీ వేడెక్కాక ఆగిపోతోందా? నీడిల్ తిప్పే ముందు చూడాల్సినవి

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మే నెలలో బరంపురంలో సెకండ్ హ్యాండ్‌లో 1/8 స్కేల్ నైట్రో బగ్గీ (అసలు బండిలో ఎనిమిదో వంతు సైజులో, నైట్రో ఇంధనంతో నడిచే రిమోట్ కారు) కొన్నావు. అక్కడ బ్రహ్మాండంగా పరిగెత్తింది. డిసెంబరులో జయపురం నుంచి ఘాటీ ఎక్కి కోరాపుట్ తీసుకెళ్లావు. కొండమీద గాలి పలచగా ఉంటుంది, లీన్ చేయాలి అని ఎవరో చెబితే మెయిన్ నీడిల్‌ని (ఇంజన్‌కి ఇంధనం ఎంత వెళ్లాలో అమర్చే స్క్రూ) గడియారం అంకెల లెక్కన రెండు గంటలు బిగించావు. ఇప్పుడు మొదటి ట్యాంకు బాగానే నడుస్తోంది. రెండో ట్యాంకులో ఫుల్ త్రాటిల్ మీద శబ్దం సన్నబడి, బ్రేక్ వేయగానే ఆగిపోతోంది. చల్లారేదాకా మళ్లీ స్టార్ట్ కావడం లేదు. టెంపరేచర్ గన్ 95 చూపిస్తోంది కాబట్టి ఇంకా బిగించవచ్చా, లేక ఇంజన్ పోయినట్టేనా అని అడిగావు. చివర్లో డిఫ్ (మలుపులో చక్రాలు వేరువేరు వేగంతో తిరగనిచ్చే డిఫరెన్షియల్) ఆయిల్ ఏది వేయాలని కూడా అడిగావు.

ముందు చెప్పాల్సింది ఒకటే. నీడిల్ ఇంకొక్క పిసరు కూడా బిగించకు. బిగించిన ఆ రెండు గంటలు ఈ రాత్రికే వెనక్కి వదిలేయ్. (కొత్తగా చదివేవాళ్ల కోసం: నీడిల్ స్క్రూ తలని గడియారంలా అనుకుంటే ఒక అంకె నుంచి ఇంకో అంకెకు తిప్పడం ఒక గంట, అంటే చుట్టులో పన్నెండో వంతు. కుడికి తిప్పితే ఇంధనం తగ్గి లీన్, ఎడమకు తిప్పితే పెరిగి రిచ్.)

కొండమీద లీన్ చేయాలన్న మాట అబద్ధం కాదు, సగం నిజం. మిగతా సగం చెప్పకపోవడంతోనే చాలామంది ఇంజన్లు పోగొట్టుకుంటున్నారు. లెక్క చూద్దాం. కోరాపుట్ సముద్ర మట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తులో ఉంది. బరంపురం దాదాపు సముద్ర మట్టమే. ఆ ఎత్తుకి గాలి ఒత్తిడి పదోవంతు తగ్గుతుంది. ఇక్కడిదాకా నీకు చెప్పినాయన మాట కరెక్టే. కానీ నువ్వు బండి కొన్నది మేలో, 36 డిగ్రీల ఎండలో. కోరాపుట్‌లో తిప్పింది డిసెంబరు పొద్దున, పది డిగ్రీల చలిలో. చల్లగాలి చిక్కగా ఉంటుంది. 36 నుంచి 10కి దిగితే సాంద్రత దాదాపు తొమ్మిది శాతం పెరుగుతుంది. అంటే ఎత్తు తీసుకున్నదాన్ని చలి ఇంచుమించు మొత్తం తిరిగి ఇచ్చేసింది. దీనికి తోడు మేలో బరంపురం గాలి ఎలా ఉంటుందో తెలుసుగా, చొక్కా ఒంటికి అతుక్కుపోతుంది. ఆ గాలిలో ఉన్న నీటి ఆవిరి మూడు శాతం దాకా చోటు ఆక్రమిస్తుంది, అంతమేర ఆక్సిజన్ తగ్గుతుంది. కోరాపుట్ పొడిగాలిలో ఆ లోటు చాలా తక్కువ. అన్నీ కలిపితే, డిసెంబరు పొద్దున కొండమీద నీ ఇంజన్‌కి అందే ఆక్సిజన్ మే నెలలో బరంపురంలో అందినంతే. చిటికెడు ఎక్కువే కావచ్చు. ఆక్సిజన్ అంతే ఉంది, నువ్వు ఇంధనం తగ్గించావు. అందుకే మాడింది.

అదే చోట మధ్యాహ్నం రెండింటికి 25 డిగ్రీలు అయ్యాక గాలి నిజంగానే పలచబడుతుంది. అప్పుడు అరగంటో, ఒక గంటో బిగించాల్సి రావచ్చు. కాబట్టి ఎత్తు ఒక్కటే చూసి నీడిల్ తిప్పకూడదు. ఎత్తు, వేడి, తేమ మూడూ కలిపి చూడాలి. నేను బగ్గీ పెట్టెలో ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకుంటాను. ఊరు, వేళ, ఎండ ఎంత, నీడిళ్లు ఎన్ని చుట్లు, ప్లగ్ ఏది అని ప్రతి ఆటకీ రాసుకుంటాను. పర్లాకిమిడిలో జనవరి, రాయగడలో మార్చి, సునాబెడలో నవంబరు, ఇలా రాసిన పేజీలు ఇప్పుడు నాకు ఏ మాన్యువల్ కన్నా ఎక్కువ పనికొస్తున్నాయి. నువ్వు కూడా ఈ రోజే మొదలుపెట్టు. మొదటి లైను: రెండు నీడిళ్లూ (మెయిన్, లో స్పీడ్) పూర్తిగా మూసేదాకా ఎన్ని చుట్లు పడుతున్నాయో లెక్కపెట్టి రాసి, మళ్లీ అంతే తెరువు. మూసేటప్పుడు చివర్లో బలం పెట్టకు, నీడిల్ మొన గాడిపడుతుంది.

ఇక ఆ 95 సంగతి. టెంపరేచర్ గన్‌ని ఎక్కడ గురిపెట్టావు? మెరిసే అల్యూమినియం రెక్కల మీద పెడితే ఆ గన్ తప్పు చెబుతుంది. మెరిసే లోహం తన వేడిని తక్కువగా బయటికి వదులుతుంది, గన్ దాన్ని చూసి ఇంజన్ చల్లగా ఉందనుకుంటుంది. హెడ్ (ఇంజన్ పైమూత) మధ్యలో, ఇంధనాన్ని మండించే గ్లో ప్లగ్ ఉన్న గుంటలోకి, దగ్గర నుంచి, ప్రతిసారీ అదే కోణంలో చూడాలి. నా దగ్గర ఒక హెడ్ మీద రెక్కలకీ గుంటకీ ఇరవై డిగ్రీల తేడా వస్తుంది. ఇంకొకటి, చలిలో గాలి హెడ్‌ని బాగా చల్లబరుస్తుంది. లోపల మాడుతున్నా పైన అంకె పెద్దదిగా కనబడదు. ఈ ఇంజన్లకు 100 నుంచి 120 డిగ్రీల మధ్య బాగుంటుందని అందరూ చెప్పుకుంటాం. నిజమే, కానీ చలికాలంలో ఆ అంకె కోసం నీడిల్ బిగిస్తూ పోవద్దు. చలిలో హెడ్ చల్లబడుతుంటే బాడీ షెల్ ముందు అద్దంలో కోసిన కన్నాన్ని సగం టేపుతో మూయి. హెడ్ వేడి నిలబడుతుంది, మిశ్రమం జోలికి వెళ్లే పనిలేదు.

ఇప్పుడు అసలు అనుమానం. రెండు గంటలు వెనక్కి వదిలాక సమస్య మొత్తం పోతే అదృష్టం. కానీ ఫుల్ త్రాటిల్ మీద శబ్దం సన్నబడడం, త్రాటిల్ వదిలాక ఇంజన్ ఒక్క క్షణం పై వేగంలోనే వేలాడి తర్వాత దిగడం (నువ్వు రాయలేదు, కానీ ఉండి ఉంటుంది, గమనించు) ఇవన్నీ ఎక్కడినుంచో దొంగగాలి లోపలికి వెళుతోందని కూడా చెబుతాయి. దొంగగాలి ఉన్న ఇంజన్‌కి ఏ నీడిల్ సెట్టింగూ నిలవదు. పొద్దున బాగుంటుంది, రెండో ట్యాంకుకి మారిపోతుంది.

నాకు ఇది నేర్పింది రాయగడ దగ్గర ఒక మామిడితోట పక్క మైదానం. రెండు నెలలు, ప్రతి ఆదివారం, నీడిల్ తిప్పడమే నా పని. నాలుగు ప్లగ్గులు కాల్చాను. చివరికి ఒక సాయంత్రం ఇంటికొచ్చి ఇంధనం ట్యాంకు విప్పి, గొట్టం నోరు మూసి, బకెట్ నీళ్లలో ముంచి, సైలెన్సర్ నుంచి వచ్చే ప్రెషర్ గొట్టంలోకి సిరంజితో గాలి కొట్టాను. మూత అంచున ఆవగింజంత బుడగలు వరసగా పైకి వచ్చాయి. మూత కింద ఉండే రబ్బరు రింగు ఉబ్బి ఒకచోట ముడతపడింది. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు తేడా తెలియదు. ఇంధనం తగ్గేకొద్దీ ట్యాంకులో ప్రెషర్ నిలవక ఇంజన్ లీన్ అవుతూ వచ్చింది. పది రూపాయల రింగు కోసం రెండు నెలలు పోగొట్టుకున్నాను. నీది కూడా మొదటి ట్యాంకు బాగుంటుంది, ఆఖర్లో చెడుతుంది అంటే నా చెయ్యి ముందు ఆ మూత మీదికే వెళుతుంది.

ట్యాంకు బాగుంటే ఇంజన్‌ని కూడా అలాగే చూడు. ఇంజన్ బయటికి తీసి, బయట అంతా తుడిచి, ఎగ్జాస్ట్ నోటిని రబ్బరు ముక్కతో గట్టిగా మూయి. కార్బ్ (గాలినీ ఇంధనాన్నీ కలిపే కార్బ్యురేటర్) నోటిని కూడా మూయి. ప్లగ్ బిగించే ఉంచు. ఇంధనం వచ్చే నిపుల్‌కి సన్న గొట్టం తగిలించి సిరంజితో మెల్లగా గాలి తోయి, నోటితో ఊదకు, మిథనాల్ మిగిలి ఉంటుంది. ఇంజన్ నీళ్లలో ఉండగా చూడాల్సినవి: కార్బ్ క్రాంక్‌కేసులోకి దిగే మెడ, వెనక ప్లేటు చుట్టూ, నీడిల్ స్క్రూల మొదట్లో, ముందు బేరింగ్ దగ్గర. ముందు బేరింగ్ నుంచి ఒకటీ అరా బుడగ మెల్లగా వస్తే కంగారుపడకు, చాలా ఇంజన్లలో అది మామూలే. మెడ దగ్గరో, వెనక ప్లేటు దగ్గరో వరసగా వస్తే అదే దొంగ. ఓ రింగులు మార్చు. దొరకడం ఆలస్యమైతే వేడి తట్టుకునే గాస్కెట్ సిలికాన్‌ని వెంట్రుకంత పలచగా రాసి రాత్రంతా ఆరనివ్వు. లావుగా రాస్తే లోపలికి పిండుకుని కార్బ్‌లోకి పోతుంది. పరీక్ష అయిన వెంటనే నీళ్లు కార్చేసి, ఆఫ్టర్ రన్ ఆయిల్ (ఆట అయ్యాక తుప్పు పట్టకుండా వేసే నూనె) పోసి ఫ్లైవీల్ బాగా తిప్పు, లేకపోతే రాత్రికి రాత్రే బేరింగులు తుప్పు పడతాయి.

బ్రేక్ వేయగానే ఆగిపోతోందన్నావు, దానికి మరో రెండు కారణాలుంటాయి, వీటిని ఐదు నిమిషాల్లో చూడొచ్చు. బండి ఆపి, ఎయిర్ ఫిల్టర్ తీసి, కార్బ్ నోట్లోకి చూస్తూ రిమోట్‌లో ఫుల్ బ్రేక్ నొక్కు. ఐడిల్ (గ్యాస్ ఇవ్వకుండా ఇంజన్ ఊరికే నడవడం) దగ్గర ఉండే సన్న సందు, ముప్పావు మిల్లీమీటరు ఉంటుంది, బ్రేక్ నొక్కినప్పుడు ఇంకా మూసుకుంటోందా? మూసుకుంటే లింకేజీ తప్పు. బ్రేక్ వేసిన ప్రతిసారీ ఇంజన్ గొంతు నొక్కుతున్నట్టే. లింకేజీ కాలర్లు సరిచేయి. రెండోది క్లచ్. ఒక స్ప్రింగు విరిగినా, క్లచ్ బెల్ బేరింగు మట్టి తిని బిగిసినా క్లచ్ ఎప్పుడూ కొంచెం పట్టుకునే ఉంటుంది, చక్రాలు ఆగితే ఇంజనూ ఆగుతుంది. బెల్‌ని వేలితో తిప్పిచూడు. గరగరలాడితే బేరింగులు రెండూ మార్చేయ్.

ఇంజన్ పోయిందా అన్న ప్రశ్నకి వస్తాను. ఈ ఇంజన్లలో పిస్టన్ రింగులుండవు. అల్యూమినియం పిస్టన్, అది పైకీ కిందికీ కదిలే ఇత్తడి గొట్టం (స్లీవ్), స్లీవ్ లోపల క్రోమ్ పూత. స్లీవ్ పైభాగం కొంచెం ఇరుకుగా చేస్తారు, పిస్టన్ పైకి వెళ్లినప్పుడు అక్కడ బిగుసుకుంటుంది. ఆ బిగుతునే పించ్ అంటాం. వేడెక్కాక ఇత్తడి స్లీవ్, పిస్టన్ కన్నా ఎక్కువ వ్యాకోచించి సరిగ్గా సరిపోయేలా ఆ కొలత పెడతారు. స్లీవ్ అరిగిపోతే చల్లగా ఉన్నప్పుడు కొంచెం పించ్ ఉంటుంది, వేడెక్కాక ఏమీ ఉండదు. కాబట్టి చల్లగా స్టార్ట్ అయి, వేడిలో స్టార్ట్ కాకపోవడం అరిగిన స్లీవ్ లక్షణమే. కానీ అతి లీన్‌గా మాడిన ఇంజనూ అలాగే ప్రవర్తిస్తుంది. రెండింటినీ విడదీయడానికి ఒక పరీక్ష చెబుతాను. వేడికి ఆగిపోయి స్టార్ట్ కానప్పుడు గుడ్డని నీళ్లలో ముంచి, గట్టిగా పిండి, హెడ్ మీద ఒక నిమిషం వేయి. తీసి స్టార్ట్ చెయ్. వెంటనే స్టార్ట్ అయితే పించ్ మీద అనుమానం గట్టిది. అప్పుడు కూడా కాకపోతే ప్లగ్, ఇంధనం, గాలి లీకు వైపు చూడు. ఈ పరీక్ష రోగం తెలుసుకోవడానికి ఒకసారి చెయ్, రోజూ స్టార్ట్ చేసే పద్ధతిగా పెట్టుకోకు.

చల్లగా ఉన్నప్పుడు కూడా ఒకసారి ప్లగ్ విప్పి ఫ్లైవీల్‌ని వేలితో తిప్పు. పైన ఒకచోట పిస్టన్ బిగుసుకుని ఆగి, కొంచెం బలం పెడితే దాటాలి. ఏ అడ్డూ లేకుండా గిర్రున తిరిగితే స్లీవ్, పిస్టన్ సెట్ మార్చాల్సిందే. మార్చేటప్పుడు కనెక్టింగ్ రాడ్ కూడా కలిపి మార్చు. రాడ్‌ని నేను ఎనిమిది, పది లీటర్ల ఇంధనానికి ఒకసారి మారుస్తాను, విరిగేదాకా ఆగను. అది విరిగితే క్రాంక్‌కేసు కూడా పోతుంది.

సెకండ్ హ్యాండ్ బండి అన్నావు కాబట్టి నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం ఎయిర్ ఫిల్టర్ గురించి. కోరాపుట్ ఎర్రమట్టి నీకు నేను చెప్పాల్సిన పనిలేదు. ఎండాక అది పిండిలా అయి, బగ్గీ వెనకాల గోడలా లేస్తుంది. ఆ పిండిలోని సన్న ఇసుక రేణువు ఫిల్టర్ దాటితే స్లీవ్‌కి అది గరుకు కాగితం. ఫిల్టర్ తీసి, తెల్లటి పాత బనీను ముక్కని చూపుడు వేలికి చుట్టి కార్బ్ నోటి లోపల ఒక చుట్టు తుడువు. గుడ్డ మీద నూనె మరక మాత్రమే ఉంటే మంచిది. ఎర్రటి గీత కనబడితే మట్టి లోపలికి పోతోంది. నేను పాత బండి ఎవరిది చూసినా మొదట చేసే పని ఇదే, ఆ తర్వాతే ధర మాట్లాడతాను.

ఫోమ్ రెండు పొరలుండాలి. సబ్బు నీళ్లలో పిండి, పూర్తిగా ఆరబెట్టి, ఫిల్టర్ ఆయిల్ వేసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి రంగు అంతా ఒకేలా వచ్చేదాకా పిసుకు. ఒక మూల తెల్లగా మిగిలినా మట్టి అక్కడినుంచే వెళుతుంది. తర్వాత ఫిల్టర్ మెడ. ఫోమ్ ఎంత మంచిదైనా మెడ కార్బ్‌కి సరిగా కరుచుకోకపోతే పనికిరాదు. మెడ లోపల కొంచెం గ్రీజు రాసి, జిప్ టై బిగించి, తర్వాత చేత్తో తిప్పిచూడు, తిరక్కూడదు. కొండమీద మైదానంలో నేను రెండు గంటల ఆటకి ఒక ఫోమ్ మారుస్తాను. మూడు, నాలుగు ముందే నూనె వేసి కవర్లలో పెట్టుకుని వెళతాను.

ఇవన్నీ సరిచేశాక అప్పుడు నీడిల్. మొదట నువ్వు బిగించిన రెండు గంటలు వదిలి, ఇంకో గంట కూడా వదులు. చలిలో స్టార్ట్ చేసేముందు హెయిర్ డ్రయ్యర్‌తోనో, కారు బానెట్ మీద పెట్టో హెడ్‌ని చేతికి బాగా వెచ్చగా తగిలేలా వేడిచెయ్. చల్లటి స్లీవ్‌లో పిస్టన్‌ని బలవంతంగా పైకి తోస్తే ఆ భారం రాడ్ మీద పడుతుంది. స్టార్ట్ అయ్యాక ఒక ట్యాంకులో సగం మెల్లగా తిప్పి వేడెక్కించు, ఆ తర్వాతే చెవి పెట్టు. ముందు మెయిన్ నీడిల్: ముప్పై మీటర్లు సూటిగా ఫుల్ త్రాటిల్ ఇచ్చి, వెనకాల పొగ చూడు. గడగడలాడుతూ, ముద్దగా, పొగ మేఘంలా వస్తుంటే రిచ్. అరగంట చొప్పున బిగిస్తూ, ప్రతిసారీ రెండు రౌండ్లు తిప్పి, శబ్దం శుభ్రపడి సన్నటి పొగగీత ఇంకా కనబడుతున్నచోట ఆపేయి. పొగ మాయమైందంటే దాటిపోయావు. అప్పుడు ఒక గంట వెనక్కి.

తర్వాత లో స్పీడ్ నీడిల్. ఐడిల్‌లో ఉండగా ట్యాంకు నుంచి కార్బ్‌కి వెళ్లే గొట్టాన్ని వేళ్లతో నొక్కిపట్టు. రెండు, మూడు సెకన్లలో వేగం కొంచెం పెరిగి ఆగిపోతే బాగున్నట్టు. నొక్కగానే చచ్చిపోతే లీన్, నాలుగైదు సెకన్లు ఈడ్చుకుంటూ పోతే రిచ్. ఆఖర్లో ఐడిల్ స్క్రూ. ఈ వరస మార్చకు. చాలామంది ఐడిల్ ఎక్కువ చేసి లో స్పీడ్ తప్పుని కప్పేస్తారు, బండి నిలబడినప్పుడు బాగానే ఉంటుంది, మలుపులో ఆగిపోతుంది.

మధ్యలో ప్లగ్ విప్పి తీగ చూడు. తడిగా, మెరుస్తూ ఉంటే పర్వాలేదు. బూడిదరంగుకి తిరిగి, మెరుపు పోయి, చుట్లు వంకర్లు తిరిగితే లీన్‌గా మాడింది. ఇప్పుడు నీ బండిలో ఉన్న ప్లగ్ అలాగే ఉండి ఉంటుంది, కొత్తది వేసే మొదలుపెట్టు. ఆ తీగలో ప్లాటినం ఉంటుంది. మొదట ఇగ్నైటర్ (ప్లగ్‌కి తగిలించే చిన్న బ్యాటరీ) వేడి కావాలి గానీ తర్వాత మిథనాల్ ఆవిరి ఆ ప్లాటినం మీద తనే వేడి పుట్టించి తీగని ఎర్రగా ఉంచుతుంది. తీగ పైపొర పాడైతే ఇగ్నైటర్‌తో వెలిగి, అది తీయగానే ఇంజన్ ఆగిపోతుంది. అలా అయితే నీడిల్‌ని తిట్టకుండా ప్లగ్ మార్చు.

ఇంధనం గురించి రెండు మాటలు. నైట్రోమిథేన్ తన ఆక్సిజన్ తనే తెచ్చుకుంటుంది. ఇంట్లో ఉన్న సీసాలో శాతం మారితే నీడిల్ కూడా మారాలి. అంటే బరంపురంలో 16 శాతం తిప్పి, కోరాపుట్‌లో 25 శాతం పోశావంటే పైన చెప్పిన లెక్కంతా మొదటినుంచి చెయ్యాలి. ఇంధనం ఏది పోశావో రాయలేదు, రాయి. ఆయిల్ తక్కువైందని బైకు 2టీ ఆయిల్ కలిపేవాళ్లని చూశాను. అది మిథనాల్‌లో కరగదు, విడిగా నిలుస్తుంది, ఇంజన్‌కి నూనె అందదు. మిథనాల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది కూడా. సీసా మూత వదులుగా పెట్టి వానాకాలం దాటించిన ఇంధనాన్ని పారేయడమే మంచిది. ఆట అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, గొట్టంలో మిగిలింది కూడా మండిపోయేదాకా నడిపి, ప్లగ్ రంధ్రంలోంచి, కార్బ్ లోంచి ఆఫ్టర్ రన్ ఆయిల్ కొన్ని చుక్కలు వేసి తిప్పు. పిస్టన్‌ని కిందికి దించి ఉంచు, పైన బిగుసుకుని చల్లారనివ్వకు. ఫ్లైవీల్ మీద కింద స్థానానికి మార్కర్‌తో ఒక చుక్క పెట్టుకుంటే ప్రతిసారీ వెతకక్కర్లేదు.

మిథనాల్ విషం అన్నది ఇంట్లో అందరికీ చెప్పు. 1992లో కటక్‌లో కల్తీ సారా తాగి 200 మందికి పైగా చనిపోయారు, ఆ సారాలో ఉన్నది ఇదే మిథనాల్. నీళ్ల సీసాల్లో ఎప్పుడూ పోయకు, పిల్లలకు అందేచోట పెట్టకు. మంట కూడా ఎండలో కళ్లకు కనబడదు. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు ఒలికితే వేడిగాలి తగిలితేనే తెలుస్తుంది. పక్కన ఒక తడి గోనెసంచి ఉంచుకో.

ఇప్పుడు డిఫ్ ఆయిల్. ఈ మైదానానికి ముందు టైర్లు ముఖ్యం, ఆయిల్ తర్వాత. పొడిగా, వదులుగా ఉన్న ఎర్రమట్టి మీద అరిగిన టైర్లతో ఏ ఆయిల్ వేసినా బండి జారుతూనే ఉంటుంది. టైర్ అంచు రిమ్‌కి చుట్టూ అతుక్కుని ఉందో లేదో బొటనవేలితో తోసిచూడు, విడిపోయిన చోట జిగురు వేయి. ఆ తర్వాత మొదటి ప్రయత్నంగా ముందు డిఫ్‌లో 5000, మధ్య 5000, వెనక 2000 వేయి (అంకె పెద్దదైతే ఆయిల్ చిక్కన). జారే నేల మీద పలచని ఆయిల్ వల్ల బండి చేతికి మాట వింటుంది. మధ్యది 7000 చేస్తే వేగం అందుకునేటప్పుడు బలంగా లాగుతుంది, కానీ ఇంత వదులు మట్టిలో వెనక తోక ఊగుతుంది. ముందుది చిక్కబడేకొద్దీ గ్యాస్ మీద ఉన్నప్పుడు ముక్కు సూటిగా లాగుతుంది, గ్యాస్ వదిలాక మాత్రం మలుపు తిరగడం తగ్గుతుంది. ఒకసారి ఒక్కటే మార్చు, మార్చింది రాసుకో.

షాక్ ఆయిల్ కూడా చలికి చిక్కబడుతుంది. బరంపురం మేలో సరిపోయిన ఆయిల్ కోరాపుట్ పొద్దున బండిని చెక్కలా గెంతించవచ్చు. చలికాలానికి ఒక నంబరు తగ్గించు. ఎత్తు అమర్చేటప్పుడు బండిని జానెడు పైనుంచి సమతలం మీద పడేసి, ఆగినప్పుడు డ్రైవ్ షాఫ్టులు దాదాపు నేలకి సమాంతరంగా ఉండేలా కాలర్లు తిప్పు. కాంబర్ (చక్రం పైభాగం లోపలికి వంగే వంపు) రెండు డిగ్రీల లోపు చాలు. మిగతాది మాన్యువల్‌లో ఉన్నది ఉన్నట్టు ఉంచు.

ఒక్కటి మర్చిపోకు, ఫెయిల్ సేఫ్, అంటే రిమోట్ సిగ్నల్ పోతే బండి తనే బ్రేక్ వేసుకోవడం. కోరాపుట్‌లో మైదానంలోకి దిగేసరికి చుట్టూ ఇరవైమంది పిల్లలు చేరతారు, నాకు ప్రతిసారీ అదే జరుగుతుంది, వాళ్ల కోసం కూడా నేను ఆడతాను. బండి కింద ఇటుక పెట్టి చక్రాలు గాలిలో ఉంచి, ఇంజన్ ఆపి, రిసీవర్ ఆన్ చేసి, సగం గ్యాస్ నొక్కిపట్టి రిమోట్ ఆఫ్ చెయ్. సర్వో వెంటనే బ్రేక్ వైపు వెళ్లాలి. వెళ్లకపోతే ఆ రోజు ఇంజన్ స్టార్ట్ చేయకు. రిసీవర్ బ్యాటరీ ఖాళీ అయితే ఫెయిల్ సేఫ్ కూడా పనిచేయదు. అందుకే కార్బ్‌కి రిటర్న్ స్ప్రింగు తప్పకుండా ఉండాలి.

ఈ ఆదివారం ముందు ట్యాంకు మూత, తర్వాత కార్బ్ నోట్లో తెల్లగుడ్డ, ఆ తర్వాత తడిగుడ్డ పరీక్ష చెయ్. గుడ్డ మీద రంగు ఏమిటి, పాత ప్లగ్ తీగ ఎలా ఉంది, తడిగుడ్డ వేశాక స్టార్ట్ అయిందా లేదా, ఇంధనం ఎంత శాతం అన్నవి ఇక్కడే రాయి. ప్లగ్ ఫోటో పగటి వెలుతురులో దగ్గరనుంచి తీసి పెట్టు. స్లీవ్ సెట్ కొనాలా వద్దా అన్నది అది చూశాకే చెబుతాను, అప్పటిదాకా డబ్బు ఖర్చు పెట్టకు.